ఉండి చూసిన ఇల్లు

"మూడు రోజులు అద్దెకుంటాను. నచ్చితే కొంటాను," అంది అత్తగారు.

ఇంటాయన నవ్వాడు. బ్రోకరూ నవ్వాడు. అల్లుడికి మాత్రం నవ్వు రాలేదు. ఆ మూడు రోజులూ ఆవిడకు తోడుగా ఎవరు పడుకోవాల్సొస్తుందో అతనికి అప్పుడే అర్థమైపోయింది.

"ఇల్లు అమ్ముతున్నాను గానీ సత్రం నడపట్లేదమ్మా," అన్నాడు ఇంటాయన.

"నేనూ కొనడానికే వచ్చాను బాబూ, తలదాచుకోవడానికి కాదు. మూడు రోజుల అద్దె ముందే తీసేసుకోండి. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. నాకు కట్టే తాహతు లేదు, అందుకని ఉండి చూస్తానంటున్నాను. రేపు అద్దెకివ్వబోయే ఇల్లు అద్దెకున్నవాళ్ల కళ్లతో చూడకపోతే ఇంకెవరి కళ్లతో చూస్తాం?"

బ్రోకరు ఇంటాయన్ని పక్కకు తీసుకెళ్లి చెవిలో ఏదో ఊదాడు. ఏముంటుంది? ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాది దాటింది, వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు, ఈ ముసలావిడ ఒక్కతే గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఇంటాయన తాళంచెవి తీసి ఇచ్చాడు.

ఇల్లంటే మరీ మేడేం కాదు. సందు చివర ముందు వాటాగా రెండు గదులు, ఓ వంటిల్లు. మధ్యలో చిన్న పెరడు, అందులో కుళాయి, ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన బట్టల దండెం. పెరడు దాటితే వెనక ఒంటిగది. ఆ గదిలో అప్పటికే ఒకావిడ అద్దెకుంటోంది, బస్సు కండక్టరు. "నెల మొదటి రోజునే అద్దె తెచ్చి చేతిలో పెడుతుంది, నోట్లో నాలుక లేని మనిషి," అని బ్రోకరు ఆవిడ్ని కూడా కుళాయి, కిటికీలతో పాటు ఇంటి గొప్పల్లో కలిపి చెప్పాడు. గోడకవతల కలప కోసే మిల్లుందని మాత్రం చెప్పలేదు. అది మర్నాడు పొద్దున్నే తనంతట తనే చెప్పుకుంది.

రంపం మొదటి అరుపుకి అల్లుడు చాప మీంచి ఎగిరి కూర్చున్నాడు. అత్తగారు అప్పటికే లేచి, మంచినీళ్ల చెంబు పక్కన పెట్టుకుని, గోడకు చెవి ఆనించి వింటోంది.

"ఇదన్నమాట సంగతి! ఇంత చవగ్గా ఎందుకిస్తున్నాడా అని రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను," అంది సంబరంగా.

"పదండి అత్తయ్యా, ఇంటికెళ్లిపోదాం. ఈ మోతలో ఎవరుంటారు?"

"పొద్దున్న పనికి పోయి పొద్దుగూకి వచ్చేవాళ్లుంటారు. పగలంతా మోగినా రాత్రి నిద్రపోతుందిగా మిల్లు. అద్దెకొచ్చేవాళ్లకు ముందే చెప్పాలి, అంతే. చెప్పకుండా ఇస్తే మోసం, చెప్పి తగ్గించి ఇస్తే బేరం."

అల్లుడు మందుల షాపులో పనిచేస్తాడు. అత్తగారి కోసం మూడు రోజులు సెలవు పెట్టాడు. పెట్టాడనేకంటే భార్య పెట్టించిందంటే సరిపోతుంది. "మా అమ్మ జీవితంలో కొనుక్కునేది ఇదొక్కటే. నువ్వు పక్కనుండు, మాట్లాడకు," అని పంపింది. రెండోది కష్టమేం కాలేదు. అత్తగారి పక్కన మాట్లాడే అవకాశం ఎవరికి దొరుకుతుంది కనక!

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు దుప్పట్లు మడతపెట్టిన మనిషి. అక్కడ అందరూ 'మడతమ్మ' అని పిలిచేవారు. గుడ్డ కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. టీ కొట్లో కూర్చుంటే బల్ల తుడిచే గుడ్డ కూడా నాలుగు మడతలై పక్కకు చేరుతుంది. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము ఇలా ఇంటి మీద పెట్టకపోతే, దాచుకున్నది తింటూ కూర్చోవాలి. ఆ మాట అల్లుడితో దాపరికం లేకుండానే చెప్పింది.

"ఈ అద్దె నెలనెలా చేతికొస్తే మీ ఇంట్లో అత్తగారిలా ఉంటాను అల్లుడుగారూ. రాలేదా, చుట్టంలా ఉండాల్సొస్తుంది. చుట్టంలా ఉండడం నాకు చేతకాదు."

"మీరు చుట్టమేంటి అత్తయ్యా," అని అల్లుడు నొచ్చుకున్నాడు గానీ, ఆ మాటలో నిజముందని అతనికీ తెలుసు.

ఇల్లు చూడ్డమంటే ఏమిటో ఆ రోజు చూశాడతను. ఆవిడ కొలతలు తీయలేదు, గోడలు కొట్టి చూడలేదు. మామూలుగా కాపురం చేసింది. అన్నం వండి, ఆవిరి ఎటు పోతోందో చూసింది. స్నానం చేసి, బయట నిలబడ్డవాళ్లకు తలుపు సందులోంచి ఏమైనా కనిపిస్తుందా అని అల్లుణ్ణి వీధిలోకి పంపింది. రెండు చీరలు ఉతికి ఆరేసి, ఎండ దండెం మీద ఎంతసేపుంటుందో గుమ్మంలో కూర్చుని కనిపెట్టింది. గోడ వైపు ఆరేసిన చీర మీద రంపం పొట్టు సన్నగా పడింది. వెనకగదావిడ యూనిఫారం దండేనికి ఆ చివర, పొట్టు పడని చోట వేలాడుతోంది. "చూశారా, పాత కాపు ఎక్కడ ఆరేయాలో ముందే కనిపెట్టేసింది," అని అత్తగారు తన చీరలు కూడా అటు జరుపుకుంది.

కుళాయి దగ్గర కండక్టరమ్మ కనిపిస్తే పలకరించింది కూడా. ఏ రూటు, ఎంతమంది ఎక్కుతారు, కాళ్లు లాగవా అని నాలుగు ప్రశ్నలు వేస్తే, ఆవిడ నాలుగింటికీ కలిపి "అలవాటైపోయిందండి" అని ఒక్క జవాబిచ్చి, బిందె ఎత్తుకుని వెళ్లి తలుపేసుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం అత్తా అల్లుడూ ముందు గుమ్మంలో కూర్చుని టీ తాగుతుండగా ఇంటాయన వచ్చాడు. "ఎలా ఉందమ్మా మా ఇల్లు?" అని అడిగి, జవాబు వినకుండానే పెరడు దాటి నేరుగా వెనకగది దగ్గరికి వెళ్లాడు. కండక్టరమ్మ డ్యూటీలో ఉంది, తలుపుకు తాళముంది. జేబులోంచి గుత్తి తీసి, వెతుక్కోకుండా ఒక తాళంచెవి పట్టుకుని, తాళం తీసి లోపలికి వెళ్లాడు. కాసేపటికి బయటికొచ్చి మళ్లీ తాళం వేశాడు.

"ఫ్యాను చప్పుడు చేస్తోందని ఎప్పుడో చెప్పింది. ఎలా ఉందో చూద్దామని," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఆవిడ లేనప్పుడా?" అంది అత్తగారు.

"ఆవిడతో పనేముంది? ఫ్యాను నాది, గది నాది."

"పోనీ ఆవిడున్నప్పుడొచ్చి తలుపు తట్టొచ్చుగా."

ఇంటాయన అత్తగారి వంక జాలిగా చూశాడు. "మన ఇంటి తలుపు మనం తట్టుకుంటామా అమ్మా? రేపు కొన్నాక మీకే తెలుస్తుంది."

అత్తగారు టీ గ్లాసు కింద పెట్టేసింది. సగం టీ అలాగే మిగిలిపోయింది.

సాయంత్రం కండక్టరమ్మ వచ్చింది. తాళం తీసి, గడప ఇవతలే నిలబడి, గదంతా ఒకసారి కళ్లతో తడిమింది. తర్వాత లోపలికెళ్లి, కిటికీలో ఉన్న గ్లాసును జానెడు దూరం జరిపి, దాని చోట దాన్ని పెట్టింది. ఎవరి వైపూ చూడలేదు. పెరట్లో చేతులు కడుక్కుంటున్న అల్లుడు అదంతా చూసి, కుళాయి కట్టేయడం మర్చిపోయాడు.

"నా పొయ్యి మీద గిన్నె మూత ఎత్తి, ఏం వండావని అడిగిన ఇంటాయన దగ్గరున్నాను నేను," అంది అత్తగారు ఆ రాత్రి పక్క దులుపుతూ. దుప్పటిని మామూలుకంటే రెండుసార్లు ఎక్కువ దులిపింది.

మూడో రోజు ఆవిడ బేరానికి కూర్చుంటే చూడాలి! కుళాయి ధార సన్నం, మిల్లు మోత, దండెం మీద పొట్టు, వంటింటి కిటికీకి లేని గడియ, అన్నీ ఒక్కొక్కటే ముందు పెట్టి, ధర కిందికి దింపింది. ఇంటాయన మూడుసార్లు లేచి వెళ్లిపోబోయాడు, మూడుసార్లూ బ్రోకరు కూర్చోబెట్టాడు. ఆఖరికి ఖాయమైంది. సందు మలుపు దాటాక అల్లుడు ఉండబట్టలేక అడిగాడు.

"ఇన్ని లోపాలు చెప్పారు, మళ్లీ కొంటున్నారేం అత్తయ్యా?"

"ఇల్లు మంచిదే అల్లుడుగారూ. ఇంటాయనే మంచివాడు కాదు. మనం కొనుక్కుంటే ఆయన పోతాడు. ఇంత తేలిగ్గా పోయే లోపం ఇంకే ఇంట్లో దొరుకుతుంది?"

అల్లుడు పకపకా నవ్వాడు. ఈవిడ మా అత్తగారు అని దారినపోయే వాళ్లందరికీ చెప్పాలనిపించింది అతనికి.

రిజిస్ట్రేషన్ అయిన రోజునే ఆవిడ వెళ్లి కండక్టరమ్మతో చెప్పింది. "ఇకనుంచి ఇల్లు నాది తల్లీ. నువ్వేం భయపడకు. నీ గదిలోకి ఈగ కూడా రాదు. నాదీ హామీ." కండక్టరమ్మ "సరేనండి" అంది. ఇంటాయన ఏం చెప్పినా బహుశా అలాగే అనేదేమో.

ఆ తర్వాతి ఆదివారం ముందు వాటాకు రంగులు వేయడం మొదలుపెట్టారు. కూలి దండగని గోడలకు అత్తగారు, కిటికీలకు అల్లుడు. తెల్ల ఆయిల్ పెయింటు కిటికీలకు సగం, అల్లుడి అరికాళ్లకు సగం అంటింది. సామానంతా వంటింట్లో కుప్పపోశారు. మధ్యాహ్నం దాటాక మిల్లు మీదుగా ఒక మబ్బు వచ్చింది. వచ్చిందో లేదో చినుకులు టపటపా మొదలయ్యాయి.

"అయ్యో అయ్యో, పిల్ల బట్టలు!" అని అత్తగారు బ్రష్షు వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. దండెం నిండా కండక్టరమ్మ బట్టలు. పొద్దున్నే ఉతికి ఆరేసి డ్యూటీకి వెళ్లింది పాపం. మళ్లీ ఉతుక్కోవడానికి తీరికేది? అల్లుడూ పరుగెత్తాడు. ఇద్దరూ కలిసి చేతుల నిండా లాగేశారు. ముందు వాటాలోకి తెస్తే ఎక్కడ పెడతారు? గోడలన్నీ పచ్చి రంగు.

"అల్లుడుగారూ, ఆ గుత్తి ఇలా ఇవ్వండి!"

మేకుకున్న గుత్తి తీసి అల్లుడే అందించాడు. అత్తగారు వెనకగది తాళం తీసింది. ఇద్దరూ లోపలికెళ్లి బట్టలు మంచం మీద వేశారు. కిటికీలోంచి జల్లు కొడుతుంటే అత్తగారు రెక్కలు మూసి, గూట్లో చేరిన నీళ్లు తుడిచింది. అంతటితో ఆగినా పోయేది. కానీ ఎదురుగా గుడ్డలు కుప్పగా పడున్నాయి, ఆ చేతులు మడతమ్మ చేతులు.

"ఆ చివర పట్టుకోండి," అంది దుప్పటి తీసి.

అల్లుడు పట్టుకున్నాడు. కొసలు లాగి, ఫట్టున దులిపి, ఎదురెదురుగా నడిచి, ఆవిడ అతని చేతిలోని కొసలు అందుకుంది. వంగి కింది మడత పట్టుకుని మళ్లీ వెనక్కి. ఇస్త్రీ అక్కర్లేకుండా అరచేత్తో అంచు నొక్కింది. దుప్పటి అయ్యాక యూనిఫారం, చీరలు, తువ్వాళ్లు, లోపలి బట్టలు. అల్లుడు గోడకున్న అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి, అంచుకు అంచు కలిపి మంచం మధ్యలో పేర్చి, తాళం వేసి వచ్చేశారు. వాన వెలిసింది. మంచిపని చేసిన ఉత్సాహంలో ఇద్దరూ మరో టీ పెట్టుకుని తాగారు.

కండక్టరమ్మ వచ్చిన చప్పుడు వినిపించింది. తలుపు తెరిచిన చప్పుడూ వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మెచ్చుకోలు మాట కోసం అత్తగారు రెండుసార్లు పెరడు వైపు తొంగిచూసింది.

ఆవిడ యూనిఫారంతోనే ముందు వాటా గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"నా గదిలోకి ఎవరైనా వచ్చారాండీ?"

"మేమే తల్లీ! వాన పడిందిగా..."

కండక్టరమ్మ చూపు అల్లుడి కాళ్ల మీద పడి అక్కడే ఆగింది. అల్లుడు కిందికి చూసుకున్నాడు. అరికాళ్ల చుట్టూ తెల్ల రంగు. ఆవిడ గది గచ్చు మీద, మంచం పక్కన, అద్దం ముందు తన పాదాల గుర్తులు ఎలా పడుంటాయో అతనికి ఒక్కసారిగా కళ్లకు కట్టింది.

"ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తానండి," అంది కండక్టరమ్మ.

అత్తగారు గబుక్కున లేచింది. "అదేంటి... బట్టలన్నీ తడిసిపోయేవి కదమ్మా..."

"తడిసినా బాగుండేదండి. మళ్లీ ఆరేసుకునేదాన్ని." గొంతు పెంచలేదు. చెప్పి, తిరిగి వెళ్లిపోయింది.

అల్లుడికి ఒళ్లు మండిపోయింది. సిగ్గు పడ్డ మనిషికి ముందు కోపమే వస్తుంది. "పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే అత్తయ్యా! ఈ కాలంలో ఎవరికీ మేలు చేయకూడదు. పోతే పోనీండి, ఇంకెవరూ దొరకరా?"

అత్తగారు బ్రష్షులు కడిగి పక్కన పెట్టింది. ఇంటికొచ్చాక కూతురు అన్నం పెడితే కలుపుతూ కూర్చుంది గానీ ముద్ద ఎత్తలేదు. ముందు వాటాలోకి ఇంకా ఎవరూ రాలేదు, ఇప్పుడు వెనకదీ ఖాళీ అయితే ఉన్న సొమ్మంతా గోడలకు పూసి కూర్చున్నట్టే. అద్దె గురించే దిగులనుకున్నాడు అల్లుడు.

"ఆయనా ఫ్యాను చూడ్డానికే వెళ్లాడు," అంది ఆవిడ ఉన్నట్టుండి.

"ఎవరు?"

"ఆ ఇంటాయన. ఆయన ఫ్యాను కోసం వెళ్లాడు, నేను బట్టల కోసం వెళ్లాను. ఇద్దరం ఆ పిల్లని అడక్కుండానే వెళ్లాం."

"ఆయనకూ మీకూ పోలికేంటి అత్తయ్యా!"

"అత్తా ఒకనాటి కోడలేనంటారు అల్లుడుగారూ. కోడలు కూడా ఒకనాటికి అత్తవుతుందని ఎవరూ చెప్పరు. నాకు నాలుగు రోజులు పట్టలేదు." కంచంలో చెయ్యి కడిగేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. "ఈగ కూడా రాదన్నాను. ఈగ రాలేదు, నేనొచ్చాను."

ఎదుటివాళ్ల తప్పు క్షణంలో పట్టేవాళ్లను అల్లుడు చాలామందినే చూశాడు. షాపుకు రోజూ అలాంటివాళ్లే వస్తారు. తన తప్పును కూడా అంత నిక్కచ్చిగా, ఒక్క 'కానీ' కలపకుండా ఒప్పుకున్న మనిషిని చూడ్డం అతనికి అదే మొదటిసారి. తన కోపం అతనికే చిన్నతనంగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే, కండక్టరమ్మ డ్యూటీకి వెళ్లకముందే, ఇద్దరూ వెళ్లారు. అత్తగారు గుత్తిలోంచి ఆ ఒక్క తాళంచెవి ఊడదీసింది. గడపకు రెండడుగుల దూరంలో నిలబడి, చెయ్యి చాచి తలుపు తట్టింది. తట్టి వెనక్కి జరిగింది. తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఇది మీ గది తాళంచెవి. నా దగ్గర ఉండకూడనిది, ఉంచుకున్నాను," అంది. నిన్నటిదాకా 'నువ్వు' అన్న నోరు 'మీరు' అనడం అల్లుడు గమనించాడు. "ఇంకోటి లేదు. నా మాట మీద నమ్మకం లేకపోతే తాళమే మార్చేయండి, డబ్బు నేనిస్తాను. ఉండమని అడగడానికి రాలేదు. వెళ్లేదాకా మాత్రం ఈ గది మీది. తప్పు నాది."

కండక్టరమ్మ తాళంచెవి వంక చూసింది, ఆవిడ మొహం వంక చూసింది. తీసుకుంది. అల్లుడు తెచ్చిన టర్పెంటైన్ సీసా, పాత గుడ్డ గుమ్మం పక్కన పెట్టి, "గుర్తులు... దీంతో పోతాయండి," అని గొణిగి, చటుక్కున వెనక్కి తిరిగాడు. వెనకాల తలుపు మూసుకుంది. లోపలి గడియ పడింది.

నెల చివరికొచ్చింది. కండక్టరమ్మ డ్యూటీకి వెళ్తోంది, వస్తోంది, బట్టలు ఆరేసుకుంటోంది. మధ్యలో ఒక రోజు మళ్లీ చినుకులు పడ్డాయి. అత్తగారు ముందు వాటా గుమ్మంలో నిలబడి, చేతులు రెండూ చంకల్లో బిగించుకుని, ఆ బట్టలు తడుస్తుంటే చూస్తూ ఊరుకుంది. అంత కష్టమైన పని ఆవిడ లాండ్రీలో ముప్పై ఏళ్లలో చేసి ఉండదు. ఖాళీ చేసే సంగతి కండక్టరమ్మ ఎత్తలేదు, ఈవిడ అడగలేదు.

చివరి ఆదివారం బ్రోకరు ఒకాయన్ని తీసుకొచ్చాడు. గడియారాలు బాగుచేసే ఆయన, తనూ భార్యా ఉండడానికి ఇల్లు వెతుక్కుంటున్నాడు. "వెనకగది ఖాళీ అవుతోందటగా, తక్కువలో అయిపోతుంది. ఒకసారి చూపించండి," అన్నాడు.

"లోపల మనిషుంది. అడగాలి," అంది అత్తగారు.

"ఇంటివారు మీరే కదండీ, తీసి చూపిస్తే సరిపోయె. రెండు నిమిషాలు."

"తాళంచెవి నా దగ్గర లేదు."

బ్రోకరు నోరు తెరిచాడు. "ఓనరు దగ్గర తాళంచెవి లేకపోవడమేంటమ్మా, విడ్డూరం కాకపోతే!"

అత్తగారు పెరడు దాటింది. వెనకాల ముగ్గురు మగవాళ్లూ బారుగా నడిచారు. తలుపు తట్టింది. కాసేపు ఎవరూ పలకలేదు. మళ్లీ తట్టలేదావిడ. నిలబడింది.

"ఎవరూ?" లోపల్నుంచి.

"నేనండి, ముందు వాటా. గది చూడ్డానికి ఒకాయనొచ్చారు."

"ఇప్పుడు కుదరదండీ."

కొత్తాయన ముందు ఆ మాట పడేసరికి అల్లుడు ఇబ్బందిగా కదిలాడు. బ్రోకరు నాలుక కొరుక్కున్నాడు. అత్తగారు మాత్రం తలుపు వైపే చూస్తూ, ఎంతో మర్యాదగా అడిగింది.

"అయితే ఎప్పుడు రమ్మంటారు?"

లోపల గిన్నె ఏదో పొయ్యి మీంచి దింపిన చప్పుడైంది. పోపు వాసన తలుపు సందులోంచి బయటికొచ్చింది.

"ఎప్పుడూ వద్దండీ," అంది కండక్టరమ్మ గొంతు. ఆ గొంతు అంత గట్టిగా అల్లుడు అంతకుముందెప్పుడూ వినలేదు. "గది ఖాళీ లేదు."

అత్తగారు ఇటు తిరిగింది. సొంత ఇంటి గుమ్మంలో అంత ఖచ్చితంగా పొమ్మనిపించుకుని అంత మురిసిపోయిన మనిషి ఇంకెక్కడా ఉండదు.

"విన్నారుగా," అంది గడియారాలాయనతో, నవ్వు ఆపుకోలేక. "ఖాళీ లేదట. రండి, ముందు వాటా చూపిస్తాను. నచ్చితే చేరిపొండి. తాళం మాత్రం మీరే కొనుక్కోవాలి."